బ్రేకు బాబాయి కొనుక్కున్న ఇల్లు

“ఆ గీజరు నా జీతంతో కొన్నది. నాతోనే వస్తుంది!”

“తీసుకెళ్ళు. దాంతోపాటు గోడ కూడా ఊడబెరుక్కుని తీసుకెళ్ళు. అదీ నీ జీతమేగా!”

“వెటకారం చాలు. ఈ వెటకారంతోనే ఇంతదాకా తెచ్చావు.”

“నేనా తెచ్చింది? అన్నానికి రమ్మంటే లాయరు, పక్క దులపమంటే లాయరు. ఎవరు మొదలెట్టారు తల్లీ ఆ లాయరు జపం?”

“తల్లీ గిల్లీ అన్నావంటే మర్యాదగా ఉండదు!”

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది. పడిందో పడేశారో హాల్లోకి తెలియలేదు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీల అంచుల మీద ఒక మొగుడూ పెళ్ళాం కూర్చుని ఉన్నారు. వీళ్ళు ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు. లోపల అరుచుకుంటున్నవాళ్ళు దాన్ని అమ్మి, విడాకులు తీసుకుని, ఎవరి దారిన వాళ్ళు పోదామనుకుంటున్న దంపతులు.

“గీజరు మనకొద్దని చెప్పండి,” అని గుసగుసలాడింది కొనేవాడి భార్య. “పొయ్యి మీద కాచుకుంటా. ముందు సంతకం పెట్టేసి, ఆ తర్వాత తీరిగ్గా కొట్టుకోమనండి. ఎవరొద్దన్నారు?”

“నువ్వు కాసేపు ఊరుకో.”

“ఊరుకునే కదా ఇన్ని నెలలైంది!”

ఆయన కుడికాలు నేలని గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఆ కాలికి ఆ సంగతి తెలియదు.

ఆయన్ని అందరూ బ్రేకు బాబాయి అంటారు, ఆయన భార్యని పిన్ని అంటారు. సొంత చుట్టాలు ఎంతమంది ఉన్నారో గానీ, ఆ పేటలో కారు నడిపే ప్రతివాడికీ ఆయన బాబాయే. కొన్నేళ్ళు సరుకు లారీ తోలాడు. నడుం పట్టేశాక లారీ దిగి, ఒక పాత కారు కొని, బజార్లో ఒక మేడమెట్ల కింద ఒంటి షట్టరు గదిలో డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. ఆయన బతుకంతా వాటి మీదే నడుస్తోంది.

కొత్తగా వచ్చినవాళ్ళు స్టీరింగు పట్టుకుని వణుకుతుంటే బాబాయి కసరడు, విసుక్కోడు. తన వైపు క్లచ్చు తొక్కిపట్టి, తనే మెల్లగా వదులుతాడు. కారు కుదుపు లేకుండా కదులుతుంది. నేర్చుకునేవాళ్ళ మొహం వెలిగిపోతుంది. “చూశావా, నువ్వే నడిపావు!” అంటాడు బాబాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ధైర్యం చిక్కేకొద్దీ తన కాలు కొంచెం కొంచెం తీసేస్తాడు. ఎప్పుడు పూర్తిగా తీశాడో వాళ్ళకి తెలియనివ్వడు. వేరే స్కూళ్ళలో తిట్లు తిని మానేసినవాళ్ళు కూడా ఈయన దగ్గర లైసెన్సు తెచ్చుకుని పోతారు. అది మోసమని ఆయనకెప్పుడూ తోచలేదు. నేర్పడం అంటే అదే అనుకున్నాడు.

ఇంత చేసినవాడికి సొంత ఇల్లు లేదు. అద్దె ఇళ్ళలో పిన్ని ఏనాడూ గోడకి మేకు కొట్టుకోలేదు. అద్దం కిటికీకి ఆనించి, క్యాలెండరు తలుపు గడియకి తగిలించి నెట్టుకొచ్చింది. ఒక్క మేకు, నా గోడకి నేను కొట్టుకోవాలండీ, అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా బాబాయికి ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలియకుండా. చివరికి ఓపిక చేసి, పోగేసినదానికి బ్యాంకు అప్పు కలుపుకుని, ఈ దంపతుల ఇంటికి అడ్వాన్సు ఇచ్చాడు. రెండు గదులు, వంటిల్లు, ముందు కారు పట్టేంత జాగా. చూసిన రోజునే పిన్ని ఏ గోడకి ఏ మేకో లెక్క వేసుకుంది.

అమ్మేవాళ్ళలో ఆవిడ నర్సు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. అమ్మి చెరిసగం పంచుకున్నాకే కోర్టులో ఆఖరి సంతకాలు అని లాయర్లు తేల్చారు. కాబట్టి ఇద్దరూ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే మూడ్‌లో ఉండాలి. అదే కుదరదు. ఆవిడకి రాత్రి డ్యూటీ పడుతుంది. ఆవిడ లాయరుకి పంటి నొప్పి వస్తుంది. అన్నీ కుదిరిన రోజున మెకానిక్కు బాగుచేయడానికి వెళ్ళిన లిఫ్టులో తనే ఇరుక్కుపోయాడు. బ్రోకరు ఆ కబురు ఫోన్లో చెబుతూ నవ్వాపుకోలేకపోయాడు. “డాక్టరుకి జ్వరం వచ్చినట్టుంది బాబాయ్!” అన్నాడు. బాబాయికి మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఈలోగా అద్దె ఇంటాయన మేడ పడగొడతానన్నాడు. గడువు ఇచ్చాడు, పొడిగించాడు, ఇక కుదరదన్నాడు. సొంతింటికి పోతున్నామని చుట్టుపక్కలంతా చెప్పుకున్న పిన్ని, మళ్ళీ అద్దె ఇల్లు వెతకడానికి సిగ్గుపడింది. “ఎన్నాళ్ళు లెండి, వారమో పది రోజులో,” అని సామాను స్కూలు గదిలోకి చేర్చారు. ట్రాఫిక్ గుర్తుల చార్టు కింద పరుపు, విద్యార్థుల బెంచీ మీద గిన్నెలు. క్లాసుకి వచ్చినవాళ్ళు బియ్యం డబ్బా మీద కూర్చుని ‘ముందు మలుపు ఉంది’ అన్న గుర్తు నేర్చుకున్నారు. కూతురు పరీక్షల పుస్తకాలు తీసుకుని, నిలిపి ఉన్న స్కూలు కారు వెనక సీట్లో చదువుకునేది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. స్నేహితురాలు ఇంటికి వస్తానంటే మాత్రం, “మా ఇంట్లో సున్నాలు వేస్తున్నారే,” అని చెప్పడం బాబాయి విన్నాడు. విని, వినపడనట్టు కారు అద్దం తుడిచాడు.

నర్సుకి డ్రైవింగ్ నేర్పుతానన్నది ఆయనే. ఫీజు వద్దన్నాడు. “రేపు ఒక్కదానివే ఉండాలి కదమ్మా, పనికొస్తుంది,” అన్నాడు. అందులో కొంత జాలి ఉంది. సంతకం పెట్టాల్సిన మనిషి రోజూ కళ్ళెదుట ఉంటే మంచిదన్న లెక్కా ఉంది. ఏది ఎంతో ఆయనే తూచుకోలేదు.

పాఠం మొదలైన కొత్తలో ఆవిడ మొగుణ్ణి “ఆ మనిషి” అనేది. స్టీరింగు పట్టుకుంటే మనుషులు ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు. అందుకే కాబోలు, కారులో అన్నీ చెప్పేస్తారు. ఆవిడా చెప్పింది. పిల్లలు కలగలేదని మొదట ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకున్నారట. తర్వాత ఓదార్చుకోవడం మానేశారట. ఆ తర్వాత ఏం మాట్లాడినా అది గీజరు దగ్గరికో, తడి తువ్వాలు దగ్గరికో పోయి గొడవయ్యేదట.

“కొట్టేవాడామ్మా?”

“ఛ ఛ! కొట్టడానికైనా దగ్గరికి రావాలి కదా బాబాయ్‌గారూ. క్లచ్చు వదలనా?”

“మెల్లగా... ఆఁ. చూశావా, నువ్వే నడిపావు!”

మెకానిక్కు అప్పటికే ఫ్రెండు గదిలో ఉంటున్నాడు. సామాను పంచుకోవడానికని ఆదివారం ఆదివారం వచ్చేవాడు. గీజరు గొడవ అలాంటి ఒక ఆదివారం నాటిదే. అది జరిగాక కొన్ని వారాలకి, మంచం పట్టే జాగా కొలుచుకోవడానికి బాబాయి ఒక్కడే టేపు తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేసరికి మెకానిక్కు గేటు బందులకి నూనె వేస్తున్నాడు.

“అమ్మేసే ఇంటికి నూనెందుకు బాబూ?”

“కిర్రుమంటోంది బాబాయ్. తనకి పగలు నిద్ర. ఉలిక్కిపడి లేస్తోందట.”

లోపల నర్సు కర్టెన్లు ఉతుకుతోంది. వంటింట్లో కంచాలు రెండూ ఒకచోటే బోర్లించి ఉన్నాయి. సామాను పంచుకోవడానికి వచ్చిన మనిషి ఒక్క వస్తువూ మూట కట్టలేదు. బాబాయి మంచం కొలత మరిచిపోయి బయటికి వచ్చాడు. మెకానిక్కు వీధి చివరిదాకా వెంట వచ్చాడు. వచ్చి, చేతికి అంటిన నూనె గుడ్డతో తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు:

“తను లేకుండా ఆ ఇంట్లో గడియ కూడా ఉండలేను బాబాయ్. అందుకే అమ్మేస్తానన్నా. ఇల్లు చేదై కాదు.”

“ఆ మాట ఆవిడతో చెప్పచ్చుగా?”

“నా నోరు మీకు తెలీదు. మంచి మాట మొదలెడతాను, అది బయటికొచ్చేసరికి వెటకారం అవుతుంది.”

మర్నాడు పాఠంలో నర్సు గోడౌన్ల వెనక రోడ్డు మీద కారు నిదానంగా పోనిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది. “నిన్న మా ఆయన మీతో వీధి చివరిదాకా వచ్చాడుగా. ఏమన్నా అన్నాడా?”

మా ఆయన. ‘ఆ మనిషి’ పోయి ‘మా ఆయన’ వచ్చాడు.

“అంటే... ఏం లేదు బాబాయ్‌గారూ,” అంది ఆవిడే మళ్ళీ. “అమ్మకం కొన్నాళ్ళు ఆపుదామా అని ఆలోచిస్తున్నా. మీకు ఇబ్బందే, నాకు తెలుసు. అడ్వాన్సు ఇచ్చేస్తాం. తను ఏమన్నాడో తెలిస్తే...”

అద్దంలో వెనక సీటు కనిపించింది. కూతురు మరిచిపోయిన పుస్తకం, దాని మీద పెన్సిలు. బియ్యం డబ్బా గుర్తొచ్చింది. సున్నాలు వేస్తున్నారన్న అబద్ధం గుర్తొచ్చింది.

“ఆ ఇంట్లో గడియ కూడా ఉండలేను అన్నాడమ్మా,” అన్నాడు బాబాయి.

దానికి ముందున్న మాట గొంతులోనే ఆగిపోయింది. ఆగిపోలేదు, ఆపేశాడు. ఎంత తేలికగా ఆపాడంటే, అది అలవాటైన కాలి పని లాగే జరిగిపోయింది.

ఎదురుగా స్పీడ్ బ్రేకర్ వచ్చినా నర్సు వేగం తగ్గించలేదు. బాబాయే తొక్కాడు. కారు ఆగాక ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చింది. వెనకాల ఎవడో హారన్ కొడితే తలెత్తి కళ్ళు తుడుచుకుని, “ఫస్టు గేరేనా?” అని అడిగింది. ఆ అడగడం ఆయన జన్మలో మరిచిపోలేడు.

సాయంత్రం మెకానిక్కు ఫోన్ చేశాడు. “తనేమన్నా అందా బాబాయ్?”

“ఏమీ అనలేదు బాబూ.”

ఇదీ అబద్ధం కాదు. నిజంగానే ఏమీ అనలేదు. రెండుసార్లూ నిజమే చెప్పానని బాబాయి ఆ రోజంతా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకోవాల్సి వచ్చిందంటేనే సంగతి అర్థమైపోయింది.

అక్కడి నుంచి ఆలస్యమన్నది లేదు. ఇన్నాళ్ళూ కదలని బండి దానంతటదే పల్లంలో పడ్డట్టు పరుగెత్తింది. నర్సు డ్యూటీ మార్పించుకుంది. లాయరు పన్ను బాగైంది. బ్రోకరు కాగితాలన్నీ సిద్ధం చేశాడు. గీజరు సంగతి బ్రోకరు అడిగితే ఆవిడ, “ఉంచేయమనండి, పిన్నిగారికి పనికొస్తుంది,” అందట. ఆ మాట విని పిన్ని పొంగిపోయింది.

“ఏం మంత్రం వేశారండీ? మొన్నటిదాకా చెంచాల కోసం కొట్టుకున్నవాళ్ళు!”

“నేనేం చేశాను? వాళ్ళే ఒప్పుకున్నారు.”

“మీకు మాట్లాడ్డం రాదంటారుగానీ, ఎంత ఒద్దికగా కానిచ్చారో! మీ చేత్తో ఏదైనా సాఫీగా కదులుతుంది.”

బాబాయి కంచం పక్కకి నెట్టాడు. నీళ్ళు తాగి, షట్టరు బయటికి వెళ్ళి నిలుచున్నాడు. లోపల పిన్ని, కూతురు ఎవరి పుస్తకాల అర ఎక్కడో పోట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటూ. ఆ నవ్వు కోసమే ఇదంతా చేశాడు. ఇప్పుడు దాన్ని వినడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

నర్సు పాఠం మానలేదు. మాట్లాడ్డం మానేసింది. సంతకాల ముందు రోజు మార్కెట్టు మలుపు దగ్గర జనం అడ్డొస్తే కారు ఆపింది. గేరులోనే ఉంది, క్లచ్చు తొక్కి ఉంది. అంతలో చెప్పులో ఏదో గుచ్చుకుని, అలవాటు తప్పి, కాలు ఠక్కున పైకి తీసేసింది. కారు ఎగిరి ఆగిపోవాలి. ఆగలేదు. కాసేపు నిలబడి, దారి ఖాళీ కాగానే నిమ్మళంగా కదిలింది. ఆవిడ తన కాలు చూసుకుంది. తర్వాత వంగి ఆయన కాలు చూసింది.

“ఇది మీరా?”

బాబాయి కాలు వెనక్కి తీసుకున్నాడు.

“మొదట్నుంచీ మీరేనా?” ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. “నేను బ్రహ్మాండంగా నడిపేస్తున్నా అనుకున్నా! వార్డులో అందరికీ చెప్పా కూడా. అమ్మో, మీరు భలే ఘటికులు బాబాయ్‌గారూ!”

“మధ్యలో వదిలేశానమ్మా. ఈమధ్య నువ్వు పరధ్యానంగా ఉంటున్నావని మళ్ళీ...”

“పోనీలెండి. నా మంచికే కదా చేశారు.”

ఆవిడకి అనుమానం రాలేదు. ఆయనకి అదే నరకమైంది. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళుగా ఎంతమంది కాళ్ళ కింద తన కాలు పెట్టాడో, ‘నువ్వే నడిపావు’ అని ఎంత తియ్యగా చెప్పాడో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాళ్ళకి కారు నేర్పాడు, నిజమే. ఈవిడని మాత్రం తనకి కావాల్సిన చోటికి నడిపించుకుపోయాడు.

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక్క అడ్డంకీ రాలేదు. కంప్యూటర్లు పనిచేశాయి. గుమాస్తా సీట్లో ఉన్నాడు. సాక్షులు చెప్పిన వేళకే వచ్చారు. బ్రోకరు, “ఇంత సాఫీగా జరగడం నా సర్వీసులో చూళ్ళేదు,” అని మురిసిపోయాడు. పిన్ని కొత్త బట్టలు కట్టుకుని, చేతిసంచీలో సుత్తి కూడా పెట్టుకొచ్చింది. సంతకాలవగానే తిన్నగా ఇంటికి వెళ్ళి మొదటి మేకు కొట్టాలని. అది తెలిసి కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. “ఆఫీసులోకి సుత్తితో వచ్చావేంటే అమ్మా, దోపిడీకొచ్చామనుకుంటారు!”

నర్సు పిన్ని పక్కనే కూర్చుంది. మెకానిక్కు గుమ్మం అవతల నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఉండటానికి ఎంత అవస్థ పడుతున్నారో గదిలో అందరికీ కనిపిస్తోంది.

“మీరైనా సుఖంగా ఉండండి పిన్నీ,” అంది నర్సు, పిన్ని చెయ్యి పట్టుకుని. “ఆయనకి అక్కడ గడియ కూడా ఉండబుద్ధి కాలేదట. నేను కడిగిన గచ్చే, నేను కుట్టిన కర్టెన్లే. కొందరికి కొన్ని అచ్చిరావు.”

“అట్లా ఎవరన్నారమ్మా?” అంది పిన్ని జాలిగా.

నర్సు బాబాయి వైపు చూసింది. నింద మోపుతున్న చూపు కాదు. సాక్ష్యం అడుగుతున్న చూపు. పిన్ని కూడా చూసింది. ఆయన లేచి, మంచినీళ్ళకని గొణిగి, గదిలోంచి బయటపడ్డాడు.

మెకానిక్కు మెట్ల పక్కన పాడైపోయిన ఆఫీసు లిఫ్టు తలుపుకి చెవి ఆనించి ఉన్నాడు. “మోటారు తిరుగుతోంది, తలుపే పట్టేసింది. ఎవడూ పట్టించుకోలేదు,” అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

“బాబూ, ఆ రోజు నువ్వన్నది నేను ఆవిడకి మొత్తం చెప్పలేదు.”

“ఏ రోజు?”

“గేటుకి నూనె వేసిన రోజు. తను లేకుండా ఉండలేనన్నావు. ఉండలేనన్నాడని మాత్రమే చెప్పాను.”

మెకానిక్కు తలుపు మీంచి చెవి తీశాడు. కొంచెంసేపు ఆయన మొహంలోకి అర్థం కానట్టు చూశాడు. “మర్చిపోయారా?”

“లేదు. ఆవిడ అమ్మకం ఆపుదామనుకుంటోంది. ఇల్లు నాకు కావాలి. అందుకని.”

“నేను ఫోన్ చేస్తే ఏమీ అనలేదన్నారు!”

“అనలేదు. స్టీరింగు మీద పడి ఏడ్చింది. అది చెప్పలేదు.”

లోపల గుమాస్తా ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు. వీళ్ళని కాదు. వీళ్ళకి ముందున్నవాళ్ళని.

“మిమ్మల్ని బాబాయ్ అన్నాను,” అన్నాడు మెకానిక్కు. గొంతు పెంచలేదు. “మా నాన్నకి చెప్పని మాట మీకు చెప్పాను.”

దెబ్బ కొడతాడేమోనని బాబాయి ఒక క్షణం ఆశపడ్డాడు. మెకానిక్కు కొట్టలేదు. గది వైపు నడిచాడు. అతను ఆ తలుపు దాటితే ఏమవుతుందో బాబాయికి తెలుసు. దాటకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. తలుపు అవతల పిన్ని సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

రెండంగల్లో వెళ్ళి అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

“వెళ్ళు, వెళ్ళి చెప్పు. నేను ఆపడానికి రాలేదు. ఒక్క సాయం చెయ్యి నాకు. మీరు సంతకం పెట్టకపోతే మా ఆవిడ ఎందుకని అడుగుతుంది. మళ్ళీ వాయిదా పడిందని చెప్పు బాబూ. లాయరనో కోర్టనో, నీకేది తోస్తే అది. నా వల్లనని మాత్రం చెప్పకు.”